రేవు కట్టకముందే ఒడ్డును తవ్వి చూడటం ఎలా

హైదరాబాద్‌కు సముద్రం లేదు. అయినా కొత్త రేవు కట్టబోయే నేలలో పాత కాలపు ఆనవాళ్ల కోసం నేను చేసే ప్రతి తీర పరీక్షా తార్నాకలోని మా భోజనాల బల్ల మీదే మొదలవుతుంది. ముందు పాత టోపోషీట్లు (నేల వివరాలు చూపే సర్వే పటాలు), కొత్త ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పరిచి, ఒడ్డు ఎటు జరిగిందో పెన్సిలుతో గీయండి. కృష్ణ శతాబ్దాలుగా మట్టి తెచ్చి పోసింది కాబట్టి డెల్టాలో ఒకనాటి తీరం ఇప్పుడు వరిచేల నడుమ ఉండవచ్చు. జెట్టీ వచ్చే చోటుతో ఆగకుండా గోదాములు, రోడ్డు వచ్చే నేలనూ పరీక్షించాలి.

మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చినా సరుకు లాక్కోబోమని వర్తకులకు మాట ఇచ్చాడు. గోల్కొండ సరుకు ఎక్కువగా మచిలీపట్నం మీదుగా ఓడలెక్కింది. అలాంటి తీరంలో చూడకుండా నీటి అడుగు మట్టి తోడే డ్రెడ్జర్ దించితే నా కడుపు మండుతుంది.

తవ్వకానికి పురావస్తు శాఖ అనుమతి ముందే చేతిలో ఉండాలి. తరువాత రోజు ఎంచుకోండి. ఆటుపోట్ల వేళలు మన నగరంలోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ప్రకటిస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి తగ్గుతుంది, ఒడ్డు వెంట నడిచి పాత కుండ పెంకులు ఏరడానికి అవే మంచివి. గుంటలు మాత్రం అష్టమి ప్రాంతంలో తవ్వండి, అప్పుడు పోటు ఎక్కువ పైకి రాదు.

నేను నీటి అంచు నుంచి లోపలికి ఒకే వరుసలో, 25 మీటర్లకొకటిగా, మీటరు చదరం గుంటలు వేస్తాను. పది సెంటీమీటర్లు తవ్వడం, జల్లెడ పట్టడం, గోడ చూడటం, మళ్లీ తవ్వడం. ఇసుక గోడ చెప్పకుండా కూలుతుంది, నడుము లోతు దాటితే ఎవరినీ దించకండి. అక్కడి నుంచి చేతి ఆగర్ (తిప్పుతూ దించి మట్టి పైకి తీసే పనిముట్టు) వాడండి. నల్లమట్టి మీద చిట్లిన గవ్వలతో పలచని ఇసుక పొర కనిపిస్తే అది ఉప్పెన తెచ్చినది కావచ్చు. దాని కింద ప్లాస్టిక్ ఉందంటే పొర మన కాలానిదే.

పెంకు దొరకగానే అంచును వేలితో తడిమి చూడండి. నున్నగా అరిగి ఉంటే అలలు ఎక్కడి నుంచో దొర్లించి తెచ్చాయి. వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉంటే అది పగిలిన చోటే ఉండిపోయి ఉండవచ్చు. అక్కడ గుంటను వెడల్పు చేయండి.

ఏమీ దొరకని గుంటనూ గీసి, ఫొటో తీయండి. ఇక్కడ పునాది వేసుకోవచ్చని ఇంజనీర్లకు చెప్పడానికి ఆధారం అదే.

తడి చెక్కను ఎండనివ్వవద్దు. ఒకసారి నేను పడవ పలకను ఒక్క మధ్యాహ్నం ఎండలో వదిలేశాను. సాయంత్రానికి నిలువునా చీలింది. ఆ శబ్దం ఇంకా నా చెవిలో ఉంది.

పెంకుల్లో ఉప్పు మిగిలితే ఆరాక పైపూత రాలిపోతుంది. ఇంటికి తెచ్చి బకెట్లో నానబెట్టి, రోజూ నీరు మార్చండి. కుళాయి నీటిలోనూ కొంత ఉప్పు ఉంటుంది, చివరి రెండు సార్లు డిస్టిల్డ్ నీరు పోయండి. ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే పాలలా మారకూడదు. మారితే మరో రోజు నానాలి.