దివ్యాంగుల ఆశ్రమం తలుపులు తెరిచే ముందు

ప్రారంభోత్సవం తేదీ ఖరారు చేసేముందు మీరే చక్రాల కుర్చీలో కూర్చుని గేటు నుంచి మరుగుదొడ్డి దాకా వెళ్లి రండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మొదటి మరమ్మతు.

• ర్యాంపు: అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు, రెండు వైపులా కడ్డీలు. నున్నటి టైల్స్ వద్దు. తడిస్తే అది జారుడుబల్లే.

• స్నానాల గదిలో కుర్చీ తిరగడానికి 150 సెం.మీ. ఖాళీ. గడియ బయటి నుంచి కూడా తెరుచుకోవాలి. ఈ గడియ సంగతి చాలామంది మరిచిపోతారు.

• మంటలు వస్తే లిఫ్ట్ వాడకూడదు. అందుకే నడవలేనివారికి కింది అంతస్తే. ఎవరిని ఎవరు బయటికి తేవాలో పేర్లతో రాసుకోండి. పగలు కాదు, సిబ్బంది తక్కువుండే అర్ధరాత్రి ఒకసారి అలా బయటికి తెచ్చి చూడండి. వినపడనివారికి వెలుగుతో హెచ్చరించే అలారం కావాలి.

• సిబ్బంది పూర్వచరిత్ర వాకబు చేయండి. జాలి అర్హత కాదు. మంచం దిగలేనివారిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయని తెలిసినవారు కావాలి. ఫిర్యాదు వినే మనిషి ఆశ్రమం బయటివాడై ఉండాలి.

• గదికి, మంచానికి దాతలు దొరుకుతారు, తమ పేరు రాయించుకోవచ్చు కాబట్టి. జీతాలకు, డైపర్లకు దొరకరు. కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

• దాతల కోసం ఫొటోలా? ముందు ఆ మనిషిని అడగండి.

• చేర్చుకునేటప్పుడు బంధువుల సంతకం ఒక్కటే చాలదు. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు దివ్యాంగులదేనని వారి హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 19వ అధికరణం చెబుతోంది.