రోజూ ఒకే వేళకు నిద్ర లేవడం ఎలా?

ఆరోగ్యం బాగుచేసుకోవాలని అనుకున్నవాళ్లు చాలామంది ఒకే రోజు నాలుగైదు పనులు మొదలుపెడతారు. పొద్దున్నే నడక, తీపి మానేయడం, నీళ్లు ఎక్కువ తాగడం, ఫోన్ తగ్గించడం, పదింటికల్లా పడుకోవడం. వారం తిరిగేసరికి అన్నీ అటకెక్కుతాయి. ఇది చూసి చూసి విసుగొచ్చింది. వాళ్లకు పట్టుదల లేదని నేను అనను. మొదలుపెట్టిన చోటే తప్పు. నిద్ర చాలని మనిషికి ఆకలి ఎక్కువేస్తుంది, మనసు తీపి మీదకు పోతుంది, నడుద్దామంటే కాళ్లు సాగవు, చిన్నమాటకే చిరాకొస్తుంది. ఆ స్థితిలో ఏ మంచి అలవాటూ నిలవదు. కాబట్టి ముందు నిద్ర సరిచేసుకోవాలి. అందులోనూ ముందు లేచే వేళ.

పడుకునే వేళతో ఎందుకు మొదలుపెట్టకూడదు? పదింటికి పక్క ఎక్కడం మన చేతిలో ఉంది, పదింటికి నిద్ర పట్టడం మన చేతిలో లేదు. రాకపోతే దొర్లుతాం, దొర్లితే టెన్షన్, టెన్షన్‌తో ఉన్న కాస్త మగతా పోతుంది. లేవడం అలా కాదు, అలారం మోగితే లేవచ్చు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. పొద్దున ఒకే వేళకు లేచామంటే రాత్రి ఒకే వేళకు ఆ బరువు తగినంత పేరుకుంటుంది, పడుకునే వేళ తనంతట తానే కుదురుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. మన శరీరంలోని గడియారం సగటున 24 గంటల కంటే ఓ పది నిమిషాలు పైచిలుకే తీసుకుంటుంది. పొద్దున దాన్ని సరిదిద్దకపోతే రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది. ఆలస్యంగా పడుకోవడం సులువుగా అలవడి, పెందలాడే పడుకోవడం అంత తొందరగా అలవడకపోవడానికి ఇదొక కారణం. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనుక్కున్నందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఇది మనసు గట్టిచేసుకుంటే మాట వినే సంగతి కాదు, శరీరంలో జరిగే పని.

కావలసినవి

ఒక అలారం గడియారం, ఒక చిన్న నోట్‌బుక్. అంతే. అలారం ఫోన్‌లో పెట్టుకోవద్దు. అలారం ఆపడానికి ఫోన్ పట్టుకున్న చెయ్యి మెసేజ్‌లు చూడకుండా దాన్ని కింద పెట్టదు. గడియారం మంచానికి నాలుగడుగుల దూరంలో, ముఖం గోడవైపు తిప్పి ఉంచాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

వేళ ఎంచుకోవడం

వారం మొత్తంలో మీరు అన్ని రోజులకంటే ముందుగా లేవాల్సిన రోజు ఏది? ఆ రోజు లేచే వేళే ఏడు రోజులకూ ఖాయం చేయండి. ఎవరో తెల్లవారుజామున నాలుగింటికి లేస్తున్నారని మీరూ అదే పెట్టుకోవద్దు. పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలి, టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటలు. ఆ లెక్క కుదిరే వేళే మంచి వేళ. ఇప్పుడు ఎనిమిదింటికి లేస్తూ ఆరింటికి మారాలంటే ఒక్కసారిగా దూకకండి. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి.

వెలుతురు

లేచిన అరగంట లోపు ఆరుబయటికి వెళ్లాలి. కిటికీ దగ్గర నిలబడితే చాలదు. ఇంట్లో దీపాల వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్‌కు (వెలుతురును కొలిచే లెక్క) మించదు. బయట మబ్బు పట్టిన రోజున కూడా వేలల్లో ఉంటుంది, ఎండ ఉంటే పదివేలు దాటేస్తుంది. కంటికి రెండూ వెలుతురుగానే తోస్తాయి గానీ శరీరంలోని గడియారానికి మాత్రం చాలా తేడా. సూర్యుణ్ని నేరుగా చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా. ఊరికే నిలబడే బదులు అరగంట చురుగ్గా నడవండి. వారానికి ఐదు రోజులు అలా నడిస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కనీస వ్యాయామం అంతే. నడక కోసం వేరే టైమ్ వెతుక్కోవాల్సిన పనే లేదు.

పగలు, సాయంత్రం

కాఫీ, టీ మధ్యాహ్నం లోపే. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం నాలుగింటికి తాగిన కప్పులో సగం రాత్రి తొమ్మిదింటికి ఒంట్లోనే ఉంటుంది. "నేను కాఫీ తాగినా హాయిగా నిద్రపోతాను" అనేవాళ్లు నిద్ర పట్టడం గురించి చెబుతున్నారు, నిద్ర లోతు గురించి కాదు. మద్యం తొందరగా కునుకు పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. పగటి కునుకు 20 నిమిషాలు దాటకూడదు, మూడింటి తర్వాత అసలు వద్దు. పడుకునే ముందు గంటసేపు దీపాలు తగ్గించండి. ఇంతవరకూ అందరూ బాగానే చేస్తారు.

నిద్ర పట్టని రాత్రి, ఆ మర్నాడు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

మొదటి వారంలోనే ఒక చెడ్డ రాత్రి వస్తుంది. రెండింటికి మెలకువ వచ్చి రెప్ప వాలదు. అప్పుడు దాదాపు అందరూ చేసే పని టైమ్ చూడటం. చూడగానే లెక్క మొదలవుతుంది. ఇప్పుడు పడితే నాలుగు గంటలు, మూడింటికి పడితే మూడే. ఆ లెక్కే గుండె వేగం పెంచి మిగిలిన మగతను కూడా చెదరగొడుతుంది. గడియారాన్ని గోడవైపు తిప్పమన్నది ఇందుకే.

ఇరవై నిమిషాలైందని అనిపిస్తే, అంచనాగానే సుమా, లేచిపోండి. పక్క మీద దొర్లుతూ ఉండకండి. మసక వెలుతురులో ఇంకోచోట కూర్చుని విసుగు పుట్టించే పని ఏదైనా చేయండి. ఉతికిన బట్టలు మడతపెట్టండి, చదివేసిన పుస్తకం తిరగేయండి. ఫోన్, టీవీ, ఆఫీసు పని వద్దు. నిద్ర వచ్చినప్పుడే మళ్లీ పక్క ఎక్కండి. అలసట వేరు, నిద్ర రావడం వేరు. ఒళ్లు నొప్పులు, కళ్ల మంట ఉంటే అది అలసట. రెప్పలు వాలుతూ, చదివిన వాక్యమే మళ్లీ చదువుతూ, తల ముందుకు తూలుతుంటే అది నిద్ర. పడుకున్నాక మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవాలి. ఒకే రాత్రి మూడుసార్లు లేవాల్సి వచ్చినా సరే. ఈ పద్ధతిని రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో వివరించాడు. పక్క అంటే మెలకువగా బాధపడే చోటు అని మెదడు నేర్చేసుకుంటుంది, దాన్ని మరిపించాలి అన్నది ఆయన ఆలోచన. నిద్రలేమికి మందుల్లేకుండా చేసే చికిత్సలో ఇప్పటికీ ఇదొక ముఖ్యమైన భాగం.

ఇక పొద్దున. నాలుగు గంటలే నిద్రపోయారు, అలారం మోగింది. నాలుగడుగులు నడిచి గడియారం అందుకున్నారు, బొటనవేలు స్నూజ్ మీద ఉంది. "ఈ ఒక్కరోజుకు" అనే మాట సరిగ్గా అప్పుడే వస్తుంది. అలారం పూర్తిగా ఆపేయండి, దీపం వేయండి, వెంటనే దుప్పటి మడిచేయండి. మడిచిన దుప్పటిలోకి మనిషి మళ్లీ దూరడు. స్నూజ్ ఇచ్చే ఐదు పది నిమిషాల నిద్రలో పస ఉండదు. లేచాక పావుగంట, అరగంట పాటు తల దిమ్ముగా ఉండటం మంచి నిద్ర పట్టినవాళ్లకు కూడా మామూలే. ఆ అరగంటలో "నాకు నిద్ర చాలలేదు, ఇది నాకు పడదు" అన్న తీర్పుకు రావద్దు. బయటికెళ్లి నడిచి వచ్చాక ఆలోచించండి.

అసలు ప్రమాదం ఆ సాయంత్రం ఉంది. రాత్రి నిద్ర లేదు కాబట్టి ఎనిమిదింటికే పడుకుందాం అనిపిస్తుంది. వద్దు. పక్క మీదకు ముందే చేరితే రెండింటికి మళ్లీ మెలకువ వస్తుంది, కథ మొదటికొస్తుంది. మామూలు వేళ దాకా ఆగండి. పోయిన నిద్రను గంటకు గంట లెక్కన తీర్చాల్సిన అవసరం లేదు. మర్నాటి రాత్రి శరీరం గాఢనిద్రను పెంచుకుని చాలావరకు సర్దుకుంటుంది. మీరు దానికి అడ్డురాకుండా ఉంటే చాలు.

మొదటి వారం ముందుకంటే అధ్వాన్నంగా ఉండొచ్చు. ఇది ముందే తెలియక నాలుగో రోజున మానేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంకో నాలుగైదు రోజులు ఓపిక పడితే చాలామందికి తేడా తెలిసేది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. నిద్ర చాలని రోజున బండి నడపకండి. డ్రైవర్లు, పెద్ద యంత్రాల మీద పనిచేసేవాళ్లు, మూర్ఛ గానీ బైపోలార్ అనే మానసిక సమస్య గానీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీన్ని మొదలుపెట్టొద్దు. నిద్ర తగ్గితే వాళ్లకు ముప్పు ఎక్కువ. చంటిపిల్లల తల్లులు, నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు కూడా ఈ లెక్కలోకి రారు, వాళ్ల పద్ధతి వేరే.

సెలవు రోజు

సెలవు రోజున అరగంట వరకు ఎక్కువ పడుకోవచ్చు, అంతకు మించి కుదరదు. రెండు మూడు గంటలు ఎక్కువ పడుకుంటే ఆ రాత్రి నిద్ర రాదు, మర్నాడు పనికెళ్లే పొద్దు నరకం. విమానమెక్కి వేరే దేశం పోయినప్పుడు పడే తిప్పలే, ఇల్లు కదలకుండా పడతాం. పరిశోధకులు దీన్ని సోషల్ జెట్‌లాగ్ అంటారు.

స్మార్ట్‌వాచీ తీసేయండి

నిద్రకు మార్కులు వేసే వాచీలు ఈ పనిలో అక్కరకు రావు. అవి చేతి కదలికను, గుండె వేగాన్ని బట్టి అంచనా కడతాయి. నిద్ర దశలను నిజంగా కొలవాలంటే తలకు తీగలు అంటించి మెదడు తరంగాలు చూడాలి. హాయిగా లేచిన మనిషి కూడా స్క్రీన్ మీద తక్కువ మార్కులు చూసి రోజంతా నీరసపడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. దాని బదులు నోట్‌బుక్‌లో పొద్దున రెండు ముక్కలు రాయండి: ఎన్నింటికి లేచారు, మధ్యాహ్నం ఎలా ఉంది (ఇది నిన్నటిది). మధ్యాహ్నం తూగు తగ్గుతోందంటే పద్ధతి పనిచేస్తోందని అర్థం.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని పక్కవాళ్లు చెబితే ఈ వ్యాసం పక్కనపెట్టి ముందు డాక్టర్‌ని కలవండి. అది స్లీప్ అప్నియా కావచ్చు. ఎంత త్వరగా లేచినా, ఎంత నడిచినా తగ్గదు. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. నిద్రమాత్రలు అడిగే ముందు సీబీటీ-ఐ అనే, నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను మందుల్లేకుండా మార్చే చికిత్స గురించి అడగండి. పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నిద్రలేమికి ముందుగా ఇవ్వాల్సింది అదేనని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ తర్వాత

రెండు మూడు వారాలకు అలారం మోగకముందే మెలకువ రావడం మొదలవుతుంది. అప్పుడు రెండో మార్పు మొదలుపెట్టొచ్చు, అదీ ఒక్కటే. నా వరుస ఇది: ముందు గంటసేపు కూర్చుంటే లేచి రెండు నిమిషాలు నడవడం, తర్వాత ఉప్పు తగ్గించడం (ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్ కంటే తక్కువ, అంటోంది), ఆ తర్వాత తీపి. ఒక్కోదానికి కనీసం మూడు వారాలు ఇవ్వండి. మధ్యలో లేచే వేళ తప్పితే కొత్తది ఆపేసి ముందు దాన్ని దారిలో పెట్టండి.