రెండు మూడెకరాల రైతు సీడ్ డ్రిల్ కొనేముందు ఏం చూసుకోవాలి

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు, పద్మనాభం దగ్గర వాడికి మూడెకరాలుంది, "మావయ్యా, సీడ్ డ్రిల్ తీసుకుందామనుకుంటున్నా, చవగ్గా ఏ కంపెనీది దొరుకుద్ది" అని. సీడ్ డ్రిల్ అంటే గింజని సాళ్ళలో వరసగా వేసే మిషన్. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఏ గింజ వేస్తావురా అంటే, కొంత మినుము, కొంత మొక్కజొన్న, మెరక మీద నువ్వులు అన్నాడు. ఈ మూడూ ఒకే మిషన్లో ఒకే సెట్టింగ్ మీద పడవు, వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, మన విశాఖ, అనకాపల్లి వైపు చిన్న కమతాలున్న వాళ్ళందరికీ పనికొస్తుందని.

సీడ్ డ్రిల్‌లో ఇనుమంతా పక్కన పెడితే అసలు పని చేసేది ఒక్క భాగమే, పెట్టెలోంచి గింజని తీసి గొట్టంలో వదిలే చక్రం. మామూలు ట్రాక్టర్ డ్రిల్స్‌లో గాడులు గాడులుగా ఉండే రోలర్ ఉంటుంది, అది వరి, పెసర, మినుము లాంటి చిన్న గింజల్ని ధారగా వదుల్తుంది, కానీ వేరుశనగ గింజలు వేస్తే నలిగిపోతాయి, పప్పు చీలితే ఇక మొలకే ఉండదు. ఇంకో రకంలో వాలుగా తిరిగే ప్లేటు ఉంటుంది, అంచున గాట్లు, ఒక్కో గాటులో ఒక్కో గింజ, మొక్కజొన్నకి, వేరుశనగకి ఇదే కావాలి. అయితే పంటకో ప్లేటు మార్చాలి, కాబట్టి బేరం ఆడేటప్పుడే మన పంటలన్నిటికీ ప్లేట్లు ఇస్తున్నాడా, విడిగా డబ్బులు అడుగుతాడా అనేది తేల్చుకోండి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. నువ్వులు మరీ సన్నం కదా, విత్తనానికి మూడు రెట్లు పొడి ఇసుక కలిపి వేసుకోవాలి, లేదంటే ఒకేచోట కుప్పగా పడుద్ది. వరి దమ్ములో వేసేదైతే సీడ్ డ్రిల్ జోలికి పోకండి, దానికి డ్రమ్ సీడర్ ఉంది, నాలుగు డ్రమ్ములకి ఎనిమిది వరసలు, వరసకీ వరసకీ 20 సెంటీమీటర్లు, ఒక మనిషి లాక్కెళ్ళిపోవచ్చు, మొలక తెల్లగా పొటమరించిన గింజ వేసి డ్రమ్ముని మూడింట రెండు వంతులే నింపాలి.

ఇక మడుల సైజు. తొమ్మిది గొట్టాల ట్రాక్టర్ డ్రిల్ దాదాపు రెండు మీటర్ల వెడల్పు ఉంటుంది, 35 హార్స్ పవర్ పైన ట్రాక్టర్ ఉంటేగానీ సరిగ్గా లాగదు, మన దగ్గర ఇరవై సెంట్ల ముక్కలు, చుట్టూ గట్లు, దాన్ని తిప్పుకునేసరికే రెండు చివర్లూ ఖాళీగా మిగిలిపోతాయి, మళ్ళీ అక్కడ చేత్తో వేసుకోవాలి. అలాంటి చోట పవర్ టిల్లర్‌కో, మినీ ట్రాక్టర్‌కో తగిలించే మూడు నుంచి ఐదు వరసలది చాలు, అది కూడా లేకపోతే తోసుకుంటూ వెళ్ళే ఒంటి వరస సీడర్.

ఈ తోపుడు సీడర్ గురించి ఒక లెక్క చెప్తా, ఎవరూ కొనేముందు వేసుకోరు. ఎకరం అంటే దాదాపు 4047 చదరపు మీటర్లు. మినుముకి 30 సెంటీమీటర్ల సాళ్ళంటే ఎకరానికి పదమూడున్నర కిలోమీటర్లు నడవాలి. మొక్కజొన్నకి 60 సెంటీమీటర్లు కాబట్టి దాంట్లో సగం, ఆరున్నర ఏడు కిలోమీటర్లు. దుక్కి చేసిన మెత్తటి నేలలో తోసుకుంటూ ఆ నడక మాటలు కాదు. అందుకే మొక్కజొన్న, కూరగాయలకి తోపుడు సీడర్ చక్కగా సరిపోతుంది, ఎకరం మీద మినుము వేసేవాళ్ళు ఇద్దరు మార్చుకుంటూ తొయ్యాలి, లేదా ఎక్కువ వరసలున్నది అద్దెకి తెచ్చుకోవాలి. ఎద్దులున్నవాళ్ళకైతే రాయలసీమ వైపు వాడే గొర్రు (ఎద్దులు లాగే విత్తే పనిముట్టు), జడ్డిగం (దానికుండే, చేత్తో గింజ వదిలే గిన్నె) ఇప్పటికీ చవకైన దారే, కానీ జడ్డిగంలో గింజ సమంగా వదిలే చెయ్యి కావాలి, అది నేర్చిన మనిషి లేకపోతే ఒక సాలు ఒత్తుగా ఒక సాలు పలచగా వస్తుంది.

కొనాలా అద్దెకా అనేది మనసులో అనుకోవడం కాదు, కాగితం మీద వెయ్యండి. మూడెకరాలు, ఏడాదికి రెండు పంటలు, అంటే ఆరెకరాల విత్తు. అద్దె ఎకరానికి వెయ్యి అనుకుందాం, ఏడాదికి ఆరు వేలు, డ్రిల్ అరవై వేలనుకుంటే పదేళ్ళకి గానీ అసలు రాదు, పైగా ట్రాక్టర్ వేరే. మీ ఊళ్ళో నిజం రేట్లు పెట్టి ఇలాగే వేసుకోండి. కానీ అద్దెలో ఒక ఇబ్బంది ఉంది, వాన పడి పదునొచ్చిన రెండు మూడు రోజులూ అందరికీ ఒకేసారి మిషన్ కావాలి, మన వంతు వచ్చేసరికి పదును ఆరిపోతే ఆ చవక ఎందుకూ కొరగాదు. అందుకే నాకు నచ్చే పద్ధతి, పక్క పక్క పొలాల వాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం, అదును రాకముందే ఎవరి వంతు ఎప్పుడో మాట్లాడేసుకోవడం.

సబ్సిడీకి రైతు సేవా కేంద్రంలో ముందే అడగండి. కేంద్రం పథకం 2014-15 నుంచి ఉంది, చిన్న సన్నకారు రైతులు, ఎస్సీ ఎస్టీలు, మహిళలకి 50 శాతం దాకా, మిగతావాళ్ళకి 40 శాతం దాకా, దానికి పైపరిమితి ఉంటుంది, ఆ పథకం లిస్టులో ఉన్న మోడళ్ళకే వర్తిస్తుంది. ముందు కొనేసి తర్వాత అడిగితే రాదనే అనుకోండి. డీలర్‌ని టెస్ట్ రిపోర్ట్ అడగండి, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల పరీక్షా కేంద్రం ఉంది, అలాంటి చోట పరీక్ష చేసిన కాగితం ఉంటే కొంత ధైర్యం.

ఇప్పుడు అసలైన పరీక్ష, డబ్బులిచ్చే ముందే చెయ్యాలి. మీ సొంత విత్తనం ఒక కేజీ, ఒక చిన్న తూకం మిషన్, టేపు పట్టుకెళ్ళండి. మిషన్‌కి నేల మీద దొర్లే చక్రం చుట్టుకొలత టేపుతో కొలిచి, గొట్టం కింద కవర్ కట్టి, చక్రాన్ని ఇరవై చుట్లు చేత్తో తిప్పండి. చుట్టుకొలత మీటర్ అయితే ఇరవై మీటర్లు నడిచినట్టు, 30 సెంటీమీటర్ల సాలుకి ఆరు చదరపు మీటర్లు. మినుము ఎకరానికి 8 కేజీలు పడాలంటే ఆ కవర్లో దాదాపు 12 గ్రాములు రావాలి. ఇరవై వచ్చిందంటే విత్తనం దండగ, ఆరే వచ్చిందంటే పొలం బోసిపోతుంది. మొక్కజొన్నైతే తూకం కాదు, లెక్కపెట్టండి, మొక్కకీ మొక్కకీ 20 సెంటీమీటర్లు కాబట్టి ఇరవై మీటర్లకి నూరు గింజలు. పడిన గింజల్లో పగిలినవి ఎన్నో ఏరి చూడండి. ఎక్కువ వరసలున్నదైతే ప్రతి గొట్టానికీ విడి కవర్ కట్టి తూచండి, నేనొకసారి అద్దెకి తెచ్చిన డ్రిల్‌లో రెండు గొట్టాలు పూడుకుపోయి ఉన్నాయి, మొలిచాక గానీ తెలీలేదు, పెసర చేలో వరసగా బాటలు పడ్డాయి, ఆ ఏడాది అలాగే పోయింది. ఈ పరీక్షకి ఒప్పుకోని కొట్లో కొనకండి. మందు పట్టించిన విత్తనమైతే నీడలో బాగా ఆరాకే పెట్టెలో పొయ్యాలి, తడుంటే గాట్లకి అతుక్కుపోతుంది.

కలుపు సంగతి కూడా ఇక్కడే ఆలోచించాలి, వరసల్లో వేసేదే అందుకు, సాళ్ళ మధ్య మీ దగ్గరున్న వీడరో గుంటకో దూరకపోతే మళ్ళీ కూలీలతో చేత్తో తీయించాల్సిందే, కాబట్టి దాని వెడల్పు కొలుచుకుని వెళ్ళండి, డ్రిల్ గొట్టాలు దానికి తగ్గట్టు జరుగుతాయో లేదో అక్కడే జరిపించి చూడండి.

సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవడం తప్పేమీ కాదు, బేరింగులు, చైన్లు, స్ప్రాకెట్లు గాజువాక ఆటోనగర్‌లో వెతుక్కోవచ్చు, కర్రులు అరిగితే ఊళ్ళో వెల్డింగ్ షాపు వాడే వేస్తాడు. కానీ విత్తనంతో పాటు ఎరువు కూడా వేసే డ్రిల్ అయితే దాని ఎరువు పెట్టె లోపల లైటు వేసి చూడండి, తుప్పు ముందు అక్కడే పడుతుంది. భీమిలి, పద్మనాభం వైపు సముద్రం గాలికి ఎరువు ఒక్క రాత్రికే చెమ్మెక్కి గడ్డ కడుతుంది, ఆ గడ్డతో పాటు రేకు కూడా పోతుంది. కొత్తదైనా పాతదైనా ఎరువు గొట్టం, విత్తనం గొట్టం వేరు వేరుగా ఉన్నదే తీసుకోండి, డీఏపీ ఎరువు గింజకి ఆనుకుని పడితే మొలక మాడిపోద్ది. విత్తు అయిన సాయంత్రమే పెట్టె ఖాళీ చేసి, నీళ్ళతో కడిగి, ఆరాక కాస్త పాత ఇంజినాయిల్ రాసి, చైన్ వదులు చేసి, రేకుల కింద పెట్టేయండి, ఎంత అలసిపోయినా ఈ పని మర్నాటికి వదిలేయొద్దు.