బొమ్మలు గీసేవారు వారానికొక చిన్న సంతోషాన్ని ఎలా కుదుర్చుకోవాలి?

పాఠ్యపుస్తకాలకు, పత్రికలకు, పిల్లల కథలకు బొమ్మలు గీసి బతికేవారికి ఒక ఇబ్బంది ఉంది. చిన్నప్పుడు సెలవుల్లో సరదాగా చేసిన పనే ఇప్పుడు జీవనాధారం. మిగతావాళ్లు అలసిపోతే రంగులు ముందేసుకుని సేద తీరుతారు. రోజంతా రంగుల్లోనే ఉన్నవారు దేనితో సేద తీరాలి? విజయవాడలో ఉంటూ ఇదే పని చేస్తున్న నేను గట్టిగా నమ్మేది ఒకటే: వారంలో కొంతసేపు కంటికీ చేతికీ ఎవరి పనీ అప్పగించకూడదు. తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటే ఆ తీరిక రాదు. అందుకే దాన్ని ముందుగా ఏర్పాటు చేసుకోవాలి.

ముందు, ఏది అలిసిందో కనిపెట్టండి

పనుల డైరీలో గడువుల పక్కన ఒక వరుస ఖాళీగా ఉంచి, రోజూ పని ముగిశాక ఒక మాట రాయండి. ఈరోజు అలిసినది ఏది? కళ్లా, మెడా, మణికట్టా, మనసా? పాఠ్యపుస్తకంలోని చిన్న చిన్న బొమ్మలన్నింటికీ రంగులు నింపిన రోజున మణికట్టు అలుస్తుంది. ముఖచిత్రానికి నాలుగోసారి సవరణలు వచ్చిన రోజున మనసు అలుస్తుంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

అలిసినదాన్ని వదిలేసి, పని లేకుండా పడి ఉన్నదాన్ని కదిలించండి. తెర చూసి చూసి కళ్లు మండుతున్న మనిషి సంతోషం కోసం సినిమాకు వెళ్తే కళ్లకు మళ్లీ అదే చాకిరీ. అలాంటివారికి ముక్కుకో, నాలుకకో, కాళ్లకో పని చెప్పేది కావాలి. గదిలో ఒక్కరే కూర్చుని గీసేవారికి జనం మధ్య తిరగడం మంచిది. రోజంతా ఫోనులో సమాధానాలు చెప్పుకునేవారికి మాటలు లేని చోటు మంచిది. ఇరవై నిమిషాలకోసారి తెర మీంచి చూపు తిప్పి దూరంగా చూడటం, మధ్యమధ్య వేళ్లు చాచడం తప్పకుండా చేయాల్సినవే. కానీ అవి ఆరోగ్యం కోసం. వాటిని సంతోషాల ఖాతాలో వేయకండి.

ఏ రోజు, ఏ వేళ అన్నది ఖాయం చేయండి

ఆదివారం దీనికి పనికిరాదని నా అభిప్రాయం. పెళ్లిళ్లు, చుట్టాలు, ఇంటి పనులు దాన్ని ముందే పంచుకుంటాయి. బుధవారమో గురువారమో ఉదయం పెట్టుకోండి. అప్పటికి వారం బరువు తెలిసి ఉంటుంది, గడువు ఇంకా మీద పడి ఉండదు. కొత్త పని ఒప్పుకునేటప్పుడే "గురువారం పదకొండు గంటల దాకా ఫోను తీయలేను" అని మర్యాదగా చెప్పండి. కారణం చెప్పనవసరం లేదు.

మూడు కొలతల్లో జాబితా రాసుకోండి

పది నిమిషాలవి, గంటవి, ఒక పూటవి. మూడూ ఉండాలి, ఎందుకంటే వారాలన్నీ ఒకేలా ఉండవు.

పది నిమిషాలవాటిని కాలమే ఇస్తుంది. వేసవిలో బండి దగ్గర నిలబడి తినే తాటిముంజలు, మామిడి రోజుల్లో నూజివీడు రసాలు, వానాకాలం సాయంత్రం వేడి పునుగులు, చలికాలంలో కాల్చిన తేగలు. నిలబడి, నెమ్మదిగా, ఫోను జేబులో ఉంచి తినడం ఒక్కటే షరతు.

గంట దొరికితే నా మొదటి ఓటు పూల మార్కెట్‌కు. తెల్లవారుజామున వెళ్లండి. కనకాంబరాల గంప ముందు కాసేపు నిలబడండి. నాలుగు రంగుల అచ్చులో ఆ నారింజ ఎంత తంటాలు పడినా మసకబారుతుందని బొమ్మలవాళ్లందరికీ తెలుసు. ముఖచిత్రంలో దానికోసం పెనుగులాడిన మనిషికి, అది ఏ లోటూ లేకుండా మూరల లెక్కన అమ్ముడవుతుంటే కలిగే ఆనందం వేరు. ఒక మూర కొని బల్ల మీద పెట్టుకోండి. రంగు నమూనా కోసం కాదు, ఊరికే.

నడక ఇష్టమైతే ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు వెళ్లండి. 1957లో పూర్తయిన ఈ కట్టకు 70 గేట్లు. అవి వరుసగా చిన్నవవుతూ దూరాన ఒక బిందువు వైపు జరిగిపోతుంటే గీయాలని చేయి దురద పెడుతుంది. గీయకండి. మే నెలలో ఏడు గంటలకల్లా వెనక్కి వచ్చేయాలి, బెజవాడ ఎండ జాలి చూపదు.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలు మరో గంట. పాత వారపత్రికలు దొరికితే రెండు రంగుల అచ్చు చూడండి. ఎరుపు రంగు బొమ్మ గీతను దాటి పక్కకు జరిగిపోయి ఉంటుంది, అయినా బొమ్మ నిలబడి ఉంటుంది. బందరు రోడ్డులో బాపు పేరు పెట్టుకున్న మ్యూజియం కూడా ఉంది. అన్నీ చూడాలని వెళ్లకండి. ఒక్క విగ్రహాన్ని ఎంచుకుని దాని ముందే ఉండి వచ్చేయండి.

ఒక పూట మొత్తం దొరికితే కొండపల్లి. ఊరికి సుమారు 20 కిలోమీటర్లు, బస్సులో వెళ్లవచ్చు, కాజీపేట మార్గంలో ఆగే రైలులోనూ వెళ్లవచ్చు. కోట తరువాత చూడవచ్చు, ముందు బొమ్మల కాలనీకి వెళ్లండి. తెల్ల పొణికి కర్ర ముక్కను చేతిలోకి తీసుకుంటే దాని తేలికదనం చూసి ఆశ్చర్యం వేస్తుంది. ఏనుగుకు కాళ్లు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు కప్పి, ఆకురాయితో నున్నగా చేసి, ఆ తరువాతే రంగులు. తెర మీద ఒక మీట నొక్కితే గీత చెరిగిపోయే పనిలో ఉన్న మనకు, ఉలి దెబ్బ వెనక్కి తీసుకోలేని చేతులను చూడటం ఎంతో హాయినిస్తుంది. కళాకారుల పని వేళను గౌరవించండి, అడిగి కూర్చోండి, వచ్చేటప్పుడు ఒక చిన్న బొమ్మైనా బేరమాడకుండా కొనండి.

స్కెచ్ బుక్ ఇంట్లోనే ఉంచండి

చిత్రకారుడు ఎక్కడికి వెళ్లినా స్కెచ్ బుక్ వెంట ఉండాలని పెద్దలు చెబుతారు. మిగతా ఆరు రోజులూ ఆ మాట పాటించండి. ఈ ఒక్క పూట వద్దు. చేతిలో పుస్తకం ఉంటే చూసినదల్లా మళ్లీ పని అవుతుంది, బాగా వచ్చిందా లేదా అనే ప్రశ్న మొదలవుతుంది. ఫోటోలు తీసి పదిమందికి పంపడమూ అంతే. మెచ్చుకోళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పునుగులు చల్లారిపోతాయి.

ఊపిరాడని వారం వస్తే

పుస్తక ప్రదర్శన దగ్గర పడుతుంటే ప్రచురణకర్తలందరి పనీ ఒక్కసారే వస్తుంది. అప్పుడు పూటను గంటకు, గంటను పది నిమిషాలకు తగ్గించండి, రద్దు మాత్రం చేయవద్దు. పోయినదాన్ని వచ్చే వారంతో కలిపి రెండింతలు చేసుకోవాలని కూడా చూడకండి, అప్పుడది మరో బాకీ అవుతుంది. జాబితాలో ఏదైనా వెళ్లాలనిపించకుండా పోతే కొట్టేసి, ఆ చోట కొత్తది రాయండి.