యాభై దాటాక మళ్లీ బైకు తీస్తే హ్యాండిల్ తూలుతోందా: సమస్య - పరిష్కారం

సమస్య: ఏళ్ల తరబడి కారులోనే తిరిగి, ఇప్పుడు పాత బైకు బయటికి తీశారు. కార్బొరేటర్ కడిగించారు, బ్యాటరీ, ఇంజిన్ ఆయిల్ మార్పించారు. ఖాళీ రోడ్డు మీద నలభైలో బాగానే పోతోంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు, మెట్రో పిల్లర్ల దగ్గర యూటర్న్ తిప్పుతున్నప్పుడు మాత్రం ముందు చక్రం ఓసారి అటు, ఓసారి ఇటు లాగుతోంది. కాలు కింద పెట్టేయాలనిపిస్తోంది. ఇంట్లోవాళ్లేమో "వయసైపోయింది, ఇంక బండి వద్దులెండి" అంటున్నారు.

ఈ మాట నమ్మి మంచి బండ్లు అమ్మేసినవాళ్లను చూస్తే బాధేస్తుంది. అమ్మే ముందు ఈ వరుసలో చూడండి.

ముందు గాలి. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే. టైరును కాలితో తన్ని చూస్తే ఏమీ తెలియదు, గేజ్ పెట్టించండి. చాలా 100 సీసీ బండ్లకు ఒక్కరే నడిపేటప్పుడు ముందు 25, వెనక 28 పీఎస్ఐ దగ్గర ఉండాలి. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. గాలి తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో మొరాయిస్తుంది. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2314 అంటే 2014లో 23వ వారం. అంత పాతదైతే నేలకు తగిలే బటన్లు కొత్తగా కనిపించినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, మార్చేయండి.

గాలి, టైర్లు బాగున్నా తూలుతుంటే కోన్ సెట్ చూడాలి. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర పైనా కిందా ఉండే బాల్స్, అవి కూర్చునే గిన్నెల్లాంటి రేసులు అవి. మోసం చేసేది ఎక్కువగా ఇదే, ఎందుకంటే బిగుసుకుపోతే బయటికి ఏ చప్పుడూ రాదు.

జరిగేది ఇదీ. ఏళ్లుగా కదలని బండిలో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. అంతకుముందు తిన్న గతుకుల దెబ్బలకు బాల్స్ కూర్చున్నచోట, హ్యాండిల్ నేరుగా ఉండే స్థానంలోనే, రేసులో చిన్న గుంటలు పడి ఉంటాయి. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు మీరు "స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు టక్ టక్ అంటోంది" అని చెప్తారు. అక్కడి కుర్రాడు పై నట్టు బిగించేస్తాడు. చప్పుడు పోతుంది, మీరు సంతోషంగా ఇంటికెళ్తారు. కానీ హ్యాండిల్ ఇప్పుడు బిగుసుకుపోయింది. నెమ్మదిగా పోయేటప్పుడు బండి నిలబడేదే హ్యాండిల్ క్షణక్షణం కొద్దికొద్దిగా తిరుగుతుండటం వల్ల. ఆ చిన్న తిరుగుడు ఆగిపోతే మీరు ప్రతిసారీ తోయాలి, తోస్తే ఎక్కువ తిరుగుతుంది, మళ్లీ వెనక్కి లాగాలి. దాన్నే బ్యాలెన్స్ పోయిందనుకుంటారు.

పరీక్షకు రెండు నిమిషాలు చాలు. బండిని డబుల్ స్టాండ్ వేసి, ఒకరిని వెనక సీటు చివర బరువు వేయమనండి, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. రెండు వేళ్లతో హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పండి. ఎక్కడా పట్టకూడదు. మధ్యలో చిన్నగా గుంటలో కూర్చున్నట్టు ఆగితే రేసు పోయినట్టే. నేరుగా పెట్టి కొంచెం పక్కకు తోసి వదిలితే దానంతటదే పక్కకు వాలిపోవాలి. వాలకుండా నిలబడిపోతే టైట్ ఎక్కువైంది, లేదా ఏదో కేబుల్ అడ్డుపడుతోంది. తర్వాత ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్కుమంటే లూజు.

బిగుతులో తేడా మాత్రమే అయితే నట్టు సరిగ్గా సర్దితే సరిపోతుంది. గుంట తగిలితే మాత్రం సర్దుబాటుతో కాలం గడపొద్దు, పైదీ కిందిదీ కలిపి పూర్తి సెట్ వేయించండి. హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ల దుకాణాల్లో అడిగేటప్పుడు బండి మోడల్, సంవత్సరం చెప్పండి. బాల్స్ ఒక్కటే మార్చి పాత రేసులు ఉంచేస్తామంటే ఒప్పుకోకండి. నట్టును ఉలీ సుత్తితో కొట్టనివ్వకండి, దానికి వేరే స్పానర్ ఉంది. కొత్త రేసులు కూర్చున్నాక కాస్త వదులవుతాయి, రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూపించండి.

ఇదంతా సరిగ్గా ఉండీ తూలుతుంటే అప్పుడు నడిపే తీరు చూసుకోండి. టెన్షన్‌లో మోచేతులు బిర్రబిగిస్తారు, చూపు ముందు చక్రం మీదే ఉంటుంది. ఖాళీ మైదానంలో చూపు దూరంగా పెట్టి, క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకు లైట్‌గా తొక్కుతూ నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. కొద్ది రోజుల్లో చెయ్యి కుదురుకుంటుంది. ఒకప్పుడు కుడివైపు గేరున్న బుల్లెట్ నడిపినవాళ్లు కొత్త బండి మీద ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కంగారులో ఎడమకాలు బ్రేకు కోసం వెతుకుతుంది, అక్కడుండేది గేరు.

ఫోర్కు వంగడం, ఛాసిస్ తేడా రావడం పడ్డ బండ్లకే తప్ప మామూలుగా ఉండవు. అయితే పక్కకు చూసినప్పుడు తల తిరుగుతోందంటే అది బండి సమస్య కాదు, డాక్టర్‌కు చూపించుకునేదాకా బండి తీయకండి.