ప్రాణహిత ఒడ్డున సొంత ఏర్పాట్లతో రాత్రి బస ఎలా? ముందు చోటు చూడటం నేర్చుకోండి

ముందుగా ఒక విషయం తేల్చేద్దాం. తాడోబా లాంటి నేషనల్ పార్కు లోపల సొంతంగా టెంటు వేసుకుని పడుకోవడం కుదరని పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టడమే నేరం. చప్రాళ లాంటి అభయారణ్యాలకూ ఇదే లెక్క. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేసినా కేసే. కాబట్టి మహారాష్ట్ర వైపు, సిరొంచ తాలూకాలో ఊరి పొలాలను ఆనుకుని ఉన్న ఏటి ఒడ్డులే మనకు దిక్కు. గ్రామ పంచాయతీని అడగండి, ఫారెస్ట్ గార్డుకు చెప్పండి, పోలీస్ స్టేషన్‌లో పేర్లు, ఫోన్ నంబర్లు రాయించండి. ఇది మావోయిస్టుల అలికిడికి పేరుపడ్డ గడ్చిరోలి జిల్లా. చెప్పకుండా రాత్రిపూట మంట వేస్తే ఆ మంట ఎవరిదో కనుక్కోవడానికి వచ్చేవాళ్లు ఉంటారు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకే వెళ్లాలి. మార్చి వస్తే ఎండతో పాటు ఇప్పపూల కాలం మొదలవుతుంది, రాలిన పూల కోసం తెల్లారకముందే ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. వానాకాలం మాట అసలు ఎత్తొద్దు.

సామాను పెద్దగా ఏం లేదు: టార్పాలిన్ పట్టా, నైలాన్ తాడు, ఖాళీ సిమెంటు సంచులు నాలుగైదు, దోమతెర, తలకు కట్టుకునే టార్చి, రెండు గిన్నెలు, బియ్యం, పెసరపప్పు, తొక్కు. మ్యాగీ తెచ్చేవాళ్లతో నేను వెళ్లను. దోమతెర మాత్రం మర్చిపోవద్దు, మహారాష్ట్రలో మలేరియా అంటే ముందు గుర్తొచ్చేది ఈ జిల్లానే. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున నీళ్లు ఇంటి నుంచే మోసుకెళ్లాలి. పక్కనే నది ఉంది కదా, మరిగించుకుని తాగుదాం అంటారు చాలామంది. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, చుట్టుపక్కల బొగ్గు గనులు దాటుకుని వచ్చే వార్ధా నీళ్లు కూడా ఇందులోనే ఉన్నాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ రసాయనాలు ఎక్కడికీ పోవు. ఏటి నీళ్లు గిన్నెలు కడగడానికి సరిపోతాయి.

ఇక ఆన్‌లైన్‌లో కొన్న డోమ్ టెంట్ల సంగతి. ఇసుకలో దాని మేకులు నిలవవు, గాలి రాగానే ఊడి వస్తాయి. చలికాలం తెల్లవారుజామున లోపలి బట్టంతా చెమ్మ పట్టి మొహం మీద చుక్కలు రాలతాయి. పట్టాను రెండు కర్రల మీద ఏటవాలుగా కట్టి, కింద దోమతెర వేలాడదీస్తే గాలి ఆడుతుంది, ఏరూ కళ్ల ముందే ఉంటుంది. మేకులకు బదులు సిమెంటు సంచిలో ఇసుక నింపి, మూతికి తాడు బిగించి, మోకాలి లోతు గొయ్యిలో అడ్డంగా పూడ్చి పైన తొక్కండి. ఇద్దరు కలిసి లాగినా రాదు.

ఇవన్నీ ఎవరైనా చేస్తారు. అందరూ తప్పేది చోటు దగ్గర. ఫొటో బాగా వస్తుందని నీళ్లకు పది అడుగుల దూరంలో తెల్లటి ఇసుక తిన్నె మీద పడుకున్నవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

వైన్‌గంగ, వార్ధా కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కడి నుంచి దాదాపు 113 కిలోమీటర్లు దిగి వచ్చి సిరొంచ ఎదుట, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ మన నెత్తిన చుక్క పడకపోయినా పైన విదర్భలో పడ్డ వాన ఇటే రావాలి. భండారా జిల్లాలో వైన్‌గంగ మీద ఉన్న గోసీఖుర్ద్ డ్యాముకు 33 గేట్లు. వాటిని ఎత్తినట్టు ఒడ్డున నిద్రపోయేవాడి చెవిలో ఎవరూ చెప్పరు. 2022 జులై వరదకు ఈ తాలూకాలో ఊళ్లే మునిగాయి. చలికాలంలో అంత రాదు, నిజమే. కానీ అకాల వానలు పడతాయి, తిన్నె మీద పడుకున్నవాడికి రెండడుగుల నీళ్లు చాలు. సంగమం కింద మేడిగడ్డ బ్యారేజీ ఉంది, దాని ప్రభావం వేరే. అందుకే నేను ఎప్పుడూ సంగమానికి ఎగువనే ఉంటాను.

ఒడ్డుకు చేరగానే బ్యాగు దించకుండా ముందు చెట్ల వైపు చూడండి. ఏరుమద్ది కొమ్మలకు ఎండుగడ్డి, చిరిగిన ప్లాస్టిక్, తెగిన వల ముక్కలు వేలాడుతుంటాయి. పోయిన వరద అంతవరకూ వచ్చిందన్నమాట. ఒక్కోచోట అది మనిషికి రెండు నిలువుల ఎత్తున ఉంటుంది, దాని పైకి ఎక్కడం ప్రతిసారీ కుదరదు. నేలను కూడా చూడండి. ఒండ్రు పలకలు పలకలుగా బీటలిచ్చి, అంచులు పైకి లేచి ఉంటే ఈ మధ్యనే నీళ్లు నిలిచి వెళ్లాయి. గడ్డి దుబ్బులు, ముళ్లపొదలు గట్టిగా వేళ్లూనుకున్న చోటు మొదలయ్యాకే మన చోటు.

నది మలుపు తిరిగే చోట బయటి ఒడ్డు కోత ఒడ్డు. పైనుంచి గట్టిగా కనిపిస్తుంది, కింద నీళ్లు తొలిచేసి ఉంటాయి. అంచుకు ముప్ఫై అడుగుల లోపల పడుకోకూడదు. లోపలి ఒడ్డున ఉండే తిన్నె అందంగా ఉంటుంది, ముందు మునిగేదీ అదే. వాగు వచ్చి కలిసే చోటా వద్దు. నడిమధ్య లంక అయితే, మోకాలి లోతు నీళ్లు దాటి వెళ్లగలిగినా సరే, వద్దంటే వద్దు.

జంతువులు నీళ్లకు దిగే దారిని కూడా వదిలేయాలి. ఒడ్డు ఒకచోట నున్నగా అరిగి, గిట్టల గుర్తులు కనిపిస్తే వంద గజాలు పక్కకు జరగండి. ఇక్కడ ఏనుగులేంటి అనే పెద్దమనుషులుంటారు. 2024 ఏప్రిల్‌లో మన వైపు నుంచి ప్రాణహిత దాటిన ఒంటరి ఏనుగు అవతల కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతులను చంపింది. మొసళ్లూ ఉన్నాయి. పొద్దుగూకాక నీళ్ల అంచున గిన్నెలు తోమొద్దు, వెలుగుండగానే బకెట్‌తో తెచ్చుకుని పైన కడగండి.

చోటు కుదిరాక చేపలు పట్టే కాకా ఎవరైనా కనిపిస్తే, "కాకా, నీళ్లు ఎక్కుతున్నయా, తగ్గుతున్నయా?" అని అడగండి. వాళ్లు వలలు ఎక్కడ కట్టారో చూసినా సగం తెలిసిపోతుంది. పొద్దు వాలేముందు నీళ్లు తాకే చోట బెత్తెడు బెత్తెడుకు గాటు పెట్టిన కర్ర పాతండి. పడుకునే ముందు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి దూరం నుంచే టార్చి కొట్టి చూడండి. ఒక గాటు మునిగితే మెలకువగా ఉండాలి. రెండో గాటు మునిగితే సామాను వదిలేసి పైకి నడవాలి. నీళ్లు ఎర్రబడినా, పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నా కర్ర కోసం చూడక్కర్లేదు. ఆ పైకి వెళ్లే దారిని వెలుగుండగానే ఒకసారి, చీకటి పడ్డాక టార్చితో ఒకసారి నడిచి చూసుకుని ఉండాలి.

తర్వాత అంతా సులువే. కిచిడీ వండుకోండి, తిండి మూటను పడకకు దూరంగా కొమ్మకు కట్టండి. దొడ్డికి నీళ్లకు డెబ్బై మీటర్ల అవతల జానెడు గొయ్యి తవ్వి, పని అయ్యాక పూడ్చండి. పొద్దున మంట మీద ఇసుక కప్పి వెళ్లొద్దు. ఇసుక కింద నిప్పులు గంటలకొద్దీ కణకణలాడుతూనే ఉంటాయి, మధ్యాహ్నం ఉత్త కాళ్లతో వచ్చే పశువుల కాపరి వాటి మీద అడుగు వేస్తాడు. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి పెట్టి చూశాకే కదలాలి. పూడ్చిన సంచులు తవ్వి తీసి ఇసుక అక్కడే పోసి, ఖాళీ సంచులు, చెత్త వెంట తీసుకెళ్లండి.