అత్యవసర మందులు – 6వ పాఠం: ముందు అడ్రినలిన్, తరవాతే ఏవిల్

పోయిన పాఠంలోని కేసుకు ఎక్కువగా వచ్చిన జవాబు: ముందు ఏవిల్ (ఫెనిరమిన్ అనే అలర్జీ మందు), ఆపైన హైడ్రోకార్టిసోన్ (స్టిరాయిడ్), ‘తగ్గకపోతే’ అడ్రినలిన్. వరస తలకిందులైంది. అందుకే పిల్లల మోతాదుల పాఠం వాయిదా.

కేసు మళ్లీ చూడండి, ఇది ప్రాణం మీదికొచ్చే అలర్జీ (అనాఫిలాక్సిస్). రాజోలు వైపు కొబ్బరి దింపు కార్మికుణ్ని కందిరీగలు కుట్టాయి. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బొంగురు, పిల్లికూతలు, బీపీ 80/50.

ఉత్త దద్దుర్లు, దురదే అయితే ఏవిల్ చాలు. గొంతు, ఊపిరి, బీపీల్లో ఒక్కటి దెబ్బతిన్నా అడ్రినలిన్. పెద్దవాళ్లకైతే 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంపూల్ నుంచి 0.5 మి.లీ., తొడ మధ్యన బయటివైపు కండలోకి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. ఆయాసమైతే కూర్చోనివ్వండి, నడిపించొద్దు. 5 నిమిషాల్లో మెరుగు లేకుంటే మళ్లీ అంతే మోతాదు. ఆక్సిజన్, సెలైన్ సంగతి మీకు తెలిసిందే.

అసలు ఉచ్చు ఇది. ఏవిల్ పడ్డాక దద్దుర్లు అణుగుతాయి, రోగి కళ్లు మూసుకుంటాడు. చుట్టాలు ‘హమ్మయ్య, నిద్రపట్టింది’ అంటారు, మనమూ నమ్ముతాం. అది మందు మగతో, బీపీ జారడమో చర్మం చెప్పదు. అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే రసాయనాల్లో ఏవిల్ హిస్టమిన్‌కు మాత్రమే అడ్డం. ల్యూకోట్రైన్ల లాంటి మిగతావాటిని అది ముట్టుకోదు. సడలిన రక్తనాళాలను బిగించేదీ, ముడుచుకున్న శ్వాసనాళాలను తెరిచేదీ అడ్రినలినే. దద్దుర్లు పోయాయని బీపీ పట్టీ విప్పేయకండి. గంటల తరవాత కూడా తిరగబెట్టొచ్చు.

కట్లపాము కాటులో ఇంకో చిక్కు: రెప్పలు వాలడం విషం గుర్తు, మగత దాన్ని కప్పేస్తుంది. విరుగుడు ఎక్కించే ముందు ‘రియాక్షన్ రాకుండా’ ఏవిల్ వేసే అలవాటు నాకు గిట్టదు. 2011లో వెలువడిన శ్రీలంక అధ్యయనంలో ప్రోమెథజైన్ (ఏవిల్ కోవ మందే) గానీ హైడ్రోకార్టిసోన్ గానీ తీవ్రమైన రియాక్షన్లను తగ్గించలేదు, తక్కువ మోతాదు అడ్రినలిన్ తగ్గించింది. అడ్రినలిన్ సిరంజిలోకి తీసి, పేరు రాసి, మంచం పక్కనే ఉంచండి.

రోగి నిలదొక్కుకున్నాక ఏవిల్: 2 మి.లీ. ఆంపూల్, అంటే 45.5 మి.గ్రా. నేనైతే 10 మి.లీ. సెలైన్‌లో కలిపి, గడియారం చూస్తూ మెల్లగా నరంలోకి ఇస్తాను. గబుక్కున నెడితే బీపీ ఇంకా పడుతుంది.

అభ్యాసం: భీమవరంలో రొయ్యలు తిన్న 15 కిలోల పిల్లకు దద్దుర్లు, పిల్లికూతలు. అడ్రినలిన్ కిలోకు 0.01 మి.గ్రా. చేతిలో ఉన్నది మి.లీ.కి 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి ఒక్కటే. ఎన్ని యూనిట్లు? ఆ సూదితో ఎందుకు ఇవ్వకూడదు? తొలి 30 నిమిషాల కేస్ షీటు, 5 నిమిషాలకో వరస చొప్పున, పూర్తిగా రాయండి.